వేలిముద్రను చదవడం నేర్పే గురువులు కావాలి

(విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్మీడియట్ పూర్తయిన పిల్లలకు ఏ చదువు చెప్పించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మన ఇళ్లలో వినిపించే పేర్లు నాలుగైదే. డాక్టరు, ఇంజనీరు, ఫార్మసీ, అవి కుదరకపోతే గల్ఫు దేశాలలో పనికివచ్చే ఏదో ఒక డిప్లొమా. ఈ జాబితాలో సాధారణంగా ఎవరూ చేర్చని ఒక వృత్తిని గురించి ఈనాడు మాట్లాడదలిచాం. అది ఫోరెన్సిక్ శాస్త్రాన్ని బడిపిల్లలకు బోధించే ఉపాధ్యాయ వృత్తి, ఆ శాస్త్రానికి పాఠాలు రూపొందించే పాఠ్యప్రణాళికా రచయిత వృత్తి.

ఫోరెన్సిక్ శాస్త్రమంటే నేరం జరిగిన చోట దొరికిన వేలిముద్ర, రక్తపు మరక, వెంట్రుక, సిరా, గాజుముక్క మొదలైన వాటిని పరీక్షించి న్యాయస్థానానికి నివేదించే విద్య. ఇది పోలీసుల వ్యవహారమనీ, మనవంటి వారికి దూరంగా ఉండవలసిన విషయమనీ చాలామంది భావిస్తారు. ఆ భావన సరైనది కాదని చెప్పడానికి మా వద్ద రెండు చరిత్రలు ఉన్నాయి. ఒకటి మనం గర్వించవలసినది. రెండవది మనం భయపడవలసినది.

కలకత్తాలో ఒక గణిత విద్యార్థి

వేలిముద్రల పద్ధతికి ప్రపంచమంతటా 'హెన్రీ పద్ధతి' అని పేరు. ఎడ్వర్డ్ హెన్రీ బెంగాలులో పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఆంగ్లేయుడు. అయితే ఆ పద్ధతికి గణితపు వెన్నెముకను సమకూర్చినవాడు ఖాజీ అజీజుల్ హక్. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివిన యువకుడు. ఆయనతో పాటు హేమచంద్ర బోస్ కూడా ఈ కృషిలో పాలుపంచుకున్నాడు. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల కార్యాలయాలలో ఒకటి ఏర్పడింది. 1900లో హెన్రీ పుస్తకం వెలువడింది. 1901లో లండన్‌లోని స్కాట్లండ్ యార్డ్ ఈ పద్ధతిని స్వీకరించింది.

అజీజుల్ హక్ పరిష్కరించిన చిక్కు ఏమిటి? వేల కాగితాల మీద వేల మంది వేలిముద్రలు ఉన్నాయి. కొత్తగా ఒక కాగితం వచ్చినప్పుడు దానికి జోడీ ఉన్నదో లేదో వెతకాలంటే కాగితాలన్నీ తిరగవేయాలి. ఆయన పది వేళ్లనూ అయిదు జతలుగా విభజించాడు. కుడి బొటనవేలు, చూపుడువేలు జతకు 16. కుడి మధ్యవేలు, ఉంగరపు వేలు జతకు 8. కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు జతకు 4. ఎడమ చూపుడువేలు, మధ్యవేలు జతకు 2. ఎడమ ఉంగరపు వేలు, చిటికెనవేలు జతకు 1. వేలి మీద సుడి ఉంటే ఆ విలువను లెక్కలోకి తీసుకోవాలి, లేకుంటే సున్నా. ప్రతి జతలో ఒక వేలు భిన్నంలో పైభాగానికీ, రెండవది కింది భాగానికీ చెందుతుంది. రెండింటికీ ఒకటి చొప్పున కలుపుతారు. పైన 1 నుండి 32 వరకు, కింద 1 నుండి 32 వరకు సంఖ్యలు రాగలవు. 32ను 32తో హెచ్చిస్తే 1024. అన్ని అరలున్న బీరువాలో ఏ కాగితం ఏ అరలో ఉండాలో ఆ భిన్నమే చెబుతుంది.

సోదరులారా, ఈ లెక్కను ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగలడు. తన పది వేళ్లను తానే చూసుకుని తన భిన్నాన్ని తానే కనుక్కోగలడు. గణితం, జీవశాస్త్రం, చరిత్ర ఒకే పాఠంలో కలిసివస్తాయి. అయినా మన పిల్లలలో అజీజుల్ హక్ పేరు విన్నవారు ఎందరు? పేరు మరుగున పడటానికి ఆనాటి వలస పాలన కారణమైతే, ఈనాటికీ అది మరుగునే ఉండటానికి ఆ పాఠం రాసేవారు లేకపోవడం కారణం.

ఆరెగాన్‌లో ఒక న్యాయవాది

ఇక రెండవ చరిత్ర. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా మరణించారు. డిటోనేటర్లు ఉన్న ఒక ప్లాస్టిక్ సంచి మీద వేలిముద్ర దొరికింది. అమెరికా సంస్థ ఎఫ్.బి.ఐ. తన కంప్యూటరులో వెతికి, ఆ ముద్ర ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్‌దని నిర్ణయించింది. మేఫీల్డ్ సైన్యంలో పనిచేసినవాడు, ఇస్లాం స్వీకరించినవాడు. ఎఫ్.బి.ఐ. నిపుణులు ఒకరి తరువాత ఒకరు ఆ ముద్ర ఆయనదేనన్నారు. న్యాయస్థానం నియమించిన స్వతంత్ర నిపుణుడు కూడా అదే మాట అన్నాడు. తమ పరీక్షలో అది సరిపోలడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్ నెలలోనే తెలియజేశారు. అయినా మే 6న ఆయనను అరెస్టు చేశారు. రెండు వారాల తరువాత స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర అల్జీరియాకు చెందిన వేరొకరిదని తేల్చడంతో ఆయన విడుదలయ్యాడు. ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పింది. 2006లో ప్రభుత్వం ఇరవై లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నది.

తరువాత అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. తొలి పొరపాటు జరిగినప్పుడు ఆయన మతం ఆ నిపుణులకు తెలియదు. రెండు ముద్రల మధ్య ఉన్న అసాధారణమైన పోలిక వారిని తప్పుదారి పట్టించింది. అయితే స్పెయిన్ నుండి అభ్యంతరం వచ్చిన తరువాత కూడా తమ నిర్ణయాన్ని తగినంతగా పునఃపరిశీలించకపోవడానికి ఆయన మతమూ ఒక కారణమై ఉండవచ్చునని ఆ నివేదిక భావించింది. శాస్త్రపు పొరపాటుకు అనుమానం తోడైతే నిర్దోషి ఇంటి తలుపు పగులుతుంది. ఇది మనకు అర్థం కావడానికి ఆరెగాన్ దాకా పోనక్కరలేదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పాతబస్తీ యువకులు ఎందరో నిర్బంధానికి గురయ్యారు. వారిలో కొందరికి నార్కో పరీక్షలు కూడా జరిగాయి. అభియోగాలు ఎదుర్కొన్న యువకులను తరువాత న్యాయస్థానాలు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. ఆ సంవత్సరాలను వారికి ఎవరూ తిరిగి ఇవ్వలేదు. వ్యక్తి అంగీకారం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు జరపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు సారాంశం మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఎక్కడైనా ఉన్నదా?

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఆ శాస్త్రాన్ని నిర్మించినవారిలో మనవాడు ఉన్నాడని చెబుతున్నది. రెండవది ఆ శాస్త్రం పొరపడితే దెబ్బ తినేవారిలోనూ మనం ఉన్నామని చెబుతున్నది. అందువల్ల దీనికి దూరంగా ఉండటం మనకు క్షేమం కాదు.

అమెరికా బడులలో ఏమి జరిగింది?

అమెరికాలో 2000 సంవత్సరంలో 'సి.ఎస్.ఐ.' అనే టెలివిజన్ ధారావాహిక మొదలైన తరువాత ఈ శాస్త్రం మీద విద్యార్థులకు ఆసక్తి విపరీతంగా పెరిగింది. ఉన్నత పాఠశాలలు దీనిని ఐచ్ఛిక విషయంగా ప్రవేశపెట్టాయి. టెక్సాస్ రాష్ట్రంలో ఈ కోర్సును ఉత్తీర్ణతకు అవసరమైన విజ్ఞానశాస్త్ర విషయాలలో ఒకటిగా లెక్కిస్తారు. మరి బోధించేదెవరు? చాలావరకు జీవశాస్త్రం లేదా రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులే. వారు సెలవులలో శిక్షణ పొంది, ఈ విషయాన్ని తలకెత్తుకున్నారు. తొలినాళ్లలో తగిన పుస్తకాలు లేకపోవడంతో పాఠాలు తామే రాసుకున్నారు. ఆంథొనీ బెర్టినో, పాట్రీషియా నోలన్ బెర్టినో అనే ఇద్దరు ఉపాధ్యాయులు రాసిన పాఠ్యపుస్తకం అక్కడి బడులలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. తరగతి గదిలో పుట్టిన పాఠమే దేశానికి పాఠ్యప్రణాళిక అయింది. పాఠ్యప్రణాళికా రచయిత అనే వృత్తి ఎక్కడో ఆకాశం నుండి ఊడిపడదు. బోధించిన అనుభవం నుండే పుడుతుంది.

అయితే ఆ పాఠాలలో పొరపాట్లు కూడా ప్రవేశించాయి. టెలివిజన్‌లో వెంట్రుక దొరికితే చాలు, అరగంటలో నేరస్తుడు దొరుకుతాడు. అసలు సంగతి వేరు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 2009లో ప్రచురించిన నివేదిక ప్రకారం, కేంద్రక డి.ఎన్.ఎ. పరీక్ష తప్ప మరే ఫోరెన్సిక్ పద్ధతీ ఒక ఆధారాన్ని ఒకానొక వ్యక్తితో నిస్సంశయంగా ముడిపెట్టగలదని కఠిన పరిశోధనల ద్వారా రుజువు కాలేదు. సూక్ష్మదర్శినితో వెంట్రుకలను పోల్చి ఎఫ్.బి.ఐ. నిపుణులు ఇచ్చిన పాత సాక్ష్యాలను తిరగతోడితే, పరిశీలించిన వాంగ్మూలాలలో 90 శాతానికి పైగా తప్పుడు వ్యాఖ్యలు ఉన్నాయని 2015లో ఆ సంస్థే అంగీకరించింది. అంతకుముందు రాసిన పాఠంలో 'వెంట్రుక సరిపోలితే వ్యక్తి దొరికినట్లే' అన్న వాక్యం ఉంటే, ఆ వాక్యాన్ని కొట్టివేయవలసినవాడు పాఠ్యప్రణాళికా రచయితే. ఆయన కొట్టివేయకపోతే ఆ పాఠం చదివిన విద్యార్థి రేపు పోలీసు అధికారి అవుతాడు, ప్రభుత్వ న్యాయవాది అవుతాడు, న్యాయమూర్తి అవుతాడు. బడిలో నేర్చుకున్న తప్పును న్యాయస్థానం దాకా మోసుకుపోతాడు.

ఒక కలం కథ

మేము ఒక బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలతో చిన్న ప్రయోగం చేయించాం. బల్ల మీద ఒక చీటీ ఉన్నది. దాన్ని ఎవరు రాశారో కనుక్కోవాలి. చీటీ మీది సిరాను, పిల్లల కలాల సిరాను వడపోత కాగితం మీద చుక్కలుగా పెట్టి, కాగితం అంచును నీటిలో ముంచితే సిరాలోని రంగులు విడివిడిగా పైకి పాకుతాయి. ఒక బాలుడి కలం చీటీలోని సిరాతో సరిపోయింది. తరగతి అంతా "దొరికాడు, దొరికాడు" అని కేకలు వేసింది. ఆ బాలుడు మొదట నవ్వాడు. కేకలు ఆగకపోయేసరికి అతని ముఖం చిన్నబోయింది.

అప్పుడు మేము ఒక్క ప్రశ్న వేశాం: "ఈ కలం మన ఊరి బజారులో ఎన్ని దుకాణాలలో దొరుకుతుంది?" పిల్లలు ఆలోచనలో పడ్డారు. చివరకు ఒక అమ్మాయి లేచి, "ఇతను రాశాడని చెప్పలేం సార్, ఇలాంటి కలంతో రాశారని మాత్రమే చెప్పగలం" అన్నది. ఈ శాస్త్రం మొత్తంలో అంతకన్నా ముఖ్యమైన వాక్యం లేదని మేము నమ్ముతున్నాం. ఒక రకానికి చెందిన లక్షణం వేరు, ఒక వ్యక్తికి చెందిన లక్షణం వేరు. ఆ తేడాను పద్నాలుగేళ్ల వయసులో గ్రహించిన అమ్మాయి, రేపు ఏ వృత్తిలో ఉన్నా, తొందరపడి ఎవరి మీదా వేలెత్తి చూపదు. ప్రయోగశాలలోని నిపుణుడు తన జీవితంలో కొన్ని వందల కేసులకు న్యాయం చేస్తాడు. ఉపాధ్యాయుడు ప్రతి సంవత్సరం ఒక తరగతి నిండా ఇటువంటి ప్రశ్న అడిగేవారిని తయారు చేస్తాడు. మేము ఉపాధ్యాయ వృత్తిని ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఇదే.

ఈ బోధనకు కొన్ని నియమాలు ఉన్నాయి. నిజమైన రక్తాన్ని వాడకూడదు. రంగు కలిపిన ద్రవం చాలు. పిల్లల వేలిముద్రలు తీసుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి పొందాలి. పాఠం ముగియగానే ఆ కాగితాలను పిల్లలకే తిరిగి ఇచ్చివేయాలి. 1920 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వేలిముద్రలు, కంటిపాప వంటి కొలతలను 75 సంవత్సరాలు భద్రపరచడానికి వీలు కల్పించింది. ఒక మనిషి ముద్ర విలువ ఎంతటిదో, దానిని ఎవరు ఎంతకాలం ఉంచుకుంటారో పిల్లలకు ఆ పాఠంలోనే తెలియాలి.

మన దగ్గర దారి ఎటు?

ఇప్పుడు తల్లిదండ్రులు అడగదలిచిన ప్రశ్నకు వస్తాం. ఉద్యోగం ఎక్కడ? ఉన్నది ఉన్నట్లు చెబుతాం. మన ప్రభుత్వ పాఠశాలలలో ఫోరెన్సిక్ ఉపాధ్యాయుడు అనే పోస్టు లేదు. ఈ మాట దాచి పిల్లలను ఈ దారి పట్టించడం అన్యాయం. కాబట్టి ఈ వృత్తిని విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయ ఉద్యోగం ద్వారానే అందుకోవాలి. రసాయన, జీవ, భౌతిక శాస్త్రాలతో డిగ్రీ, ఆపైన బి.ఎడ్., అర్హత పరీక్ష, డీఎస్సీ. ఇది అందరికీ తెలిసిన బాట. డిగ్రీ స్థాయిలోనే ఫోరెన్సిక్ కోర్సులో చేరేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఉపాధ్యాయ నియామకాలలో డిగ్రీలో ఏ విషయాలు చదివారన్నది చూస్తారు. అందువల్ల ప్రకటనలోని అర్హతలను చదివిన తరువాతే కోర్సు ఎంచుకోవాలి. ముందు మూలశాస్త్రాలలో డిగ్రీ, తరువాత ఫోరెన్సిక్‌లో ఎమ్మెస్సీ చేస్తే రెండు తలుపులూ తెరిచి ఉంటాయి.

ఎమ్మెస్సీ చేసినవారికి కళాశాల బోధన కూడా ఉన్నది. యు.జి.సి. నెట్ పరీక్షలో ఫోరెన్సిక్ సైన్స్ ఒక విషయం. 2020లో పార్లమెంటు చట్టం ద్వారా గాంధీనగర్ కేంద్రంగా జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. హైదరాబాదులో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నది, డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం ఉన్నది. మన దేశంలో డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్‌కు ఆద్యుడైన లాల్జీ సింగ్ పనిచేసినది ఈ నగరంలోని సి.సి.ఎం.బి.లోనే. ఇక 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలని నిర్దేశించింది. దీనిని అమలులోకి తేవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చింది. నిపుణులు కావాలంటే వారికి చదువు చెప్పేవారు కావాలి. ఆ అవసరం రానున్న సంవత్సరాలలో పెరుగుతుంది.

పాఠ్యప్రణాళిక విషయానికి వస్తే, రెండు రాష్ట్రాలలోనూ పాఠ్యపుస్తకాలను రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ రూపొందిస్తుంది. రచయితలలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు కూడా ఉంటారు. పుస్తకం తిరగేసి రచయితల పట్టిక చూడండి. అందులో మన పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమనీ, దేశ సగటు 65.1 శాతమనీ చెప్పింది. చదివే దగ్గరే వెనుకబడిన సముదాయం పాఠాలు రాసే దగ్గర ఎంత వెనుకబడి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ వరుసలో మనం చేరాలి.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. "శవాలు, నేరాలు, ఠాణాలు, మా అమ్మాయికి ఎందుకు?" అని కొందరు మమ్మల్ని అడిగారు. వారి ఆందోళనను మేము గౌరవిస్తాం. బడి ఉపాధ్యాయురాలి పని తరగతి గదిలోనూ, ప్రయోగశాలలోనూ ఉంటుంది. అందులో సిరా, గాజు, సున్నపు అచ్చులు, సూక్ష్మదర్శిని తప్ప మరేమీ ఉండవు. గణితంలో, రసాయనశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంటికి దగ్గరలో గౌరవప్రదమైన ఉద్యోగం కోరే అమ్మాయికి ఇది తగిన దారి.

ఈ వేదిక నుండి మూడు విన్నపాలు

మొదటిది, మన విద్యాసంస్థల యాజమాన్యాలకు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు భవనాలకే పరిమితం కాకూడదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచీ లేని బడిని సూచించింది. ఆ పది రోజులలో రెండు రోజులు ఈ శాస్త్రానికి కేటాయించండి. పెన్సిలు పొడి, పారదర్శక టేపు, వడపోత కాగితం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఉంటే చాలు. తెలంగాణలోని 204 మైనారిటీ గురుకులాలు కూడా ఈ పని చేయవచ్చు.

రెండవది, ఇప్పటికే బోధిస్తున్న ఉపాధ్యాయులకు. మీరు తెలుగులోనూ, ఉర్దూలోనూ ఒక్కొక్క పాఠం రాయండి. అజీజుల్ హక్ భిన్నం మీద ఒకటి, సిరా మీద ఒకటి, సెల్వి తీర్పు మీద ఒకటి. తరగతిలో చెప్పి చూడండి, పిల్లలకు అర్థం కాని చోట దిద్దండి. ఏడాదికి ఇరవై పాఠాలు చేరితే అదే ఒక చిన్న పుస్తకం.

మూడవది, ఇక్కడ కూర్చున్న పిల్లలకు. నాయనా, తల్లీ, ఇంటికి వెళ్లి మీ పది వేళ్లు చూసుకోండి. సుడులున్న వేళ్లకు విలువ వేసి మీ భిన్నం కట్టండి. మీ భిన్నమే ఉన్నవారు లోకంలో లక్షల మంది ఉంటారు. బీరువాలో మీ అర అదేనని అది చెబుతుంది కాని, ఆ అరలోని మనిషి మీరేనని చెప్పదు. ఆ తేడాను గట్టిగా పట్టుకోండి. ఎప్పుడో ఒకనాడు, ఎక్కడో ఒక న్యాయస్థానంలో, ఒక నిర్దోషి తరఫున "ఇది అతనిదేనని ఎలా చెప్పగలరు?" అని అడిగే గొంతు మీరు చదువు చెప్పిన విద్యార్థిది కావాలని మేము కోరుకుంటున్నాం.